విమానం ఇంజిన్‌ను కారుకు బిగించిన కుర్రాడు

ఉద్యోగం వచ్చింది. ఊళ్లో అందరికీ చెప్పేశారు. బట్టలు సర్దుకుని, బస్సెక్కి, నగరంలో దిగి, మొదటి రోజు ఆఫీసులో అడుగుపెట్టారు. తీరా చూస్తే మీరు చదివిన చదువుకీ, మీ చేతిలో పెట్టిన పనికీ సంబంధమే లేదు. ఎవరో చేసిన షీట్లలో తప్పులు వెతకడం, సీనియర్లకు ఫైళ్లు అందించడం, టీ చెప్పి రావడం. వారం కాదు, రెండు వారాలు కాదు, నెలలు ఇలాగే గడిచిపోతున్నాయనుకోండి. ఉంటారా, మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తారా?

1922లో జపాన్‌లో ఓ పదిహేనేళ్ల కుర్రాడికి ఇదే ఎదురైంది. కార్లు బాగుచేసే పని నేర్చుకుందామని పల్లె నుంచి టోక్యో చేరాడు. అక్కడ అతడి చేతికి వచ్చింది పానా కాదు, యజమాని పసిబిడ్డ. ఎత్తుకుని ఆడించాలి, ఏడిస్తే ఊరుకోబెట్టాలి, మధ్యమధ్యలో షెడ్డు ఊడవాలి. ఆ కుర్రాడి పేరు సొయిచిరో హోండా. ఇంటిపేరు మీకు కొత్త కాదు. మీ ఇంటి ముందో, పక్కింటి ముందో నిలబెట్టి ఉన్న స్కూటర్ మీద రోజూ చూస్తూనే ఉంటారు.

ఆయన పెట్టిన కంపెనీ ఎంత పెద్దదైందో చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఇక్కడ చెప్పబోయేది ఒక్క పనితనం గురించి. ఒక అవసరానికి తయారైన ఇంజిన్‌ను దించి, దానికి ఏమాత్రం సంబంధం లేని మరో బండికి బిగించి నడిపించడం. మెకానిక్ షెడ్లలో ఇంజిన్ మార్చడం అని తేలిగ్గా అనేస్తారు. హోండా జీవితంలో పెద్ద మలుపులు రెండూ ఆ పని దగ్గరే తిరిగాయి.

కొలిమి దగ్గర మొదలు

హోండా 1906 నవంబరు 17న షిజుఓకా ప్రాంతంలోని కోమ్యో అనే పల్లెలో పుట్టాడు. ఇప్పుడది హమమత్సు నగరంలో కలిసిపోయింది. తండ్రి గిహెయ్ కమ్మరి. కొలిమి పనితోపాటు తర్వాత సైకిళ్లు బాగుచేసే దుకాణం కూడా పెట్టాడు. తల్లి మికా నేతపని తెలిసిన మనిషి. అంటే ఇంట్లో ఇద్దరూ చేతిపని వాళ్లే. ఇనుము ఎంత కాలితే వంగుతుందో, ఎక్కడ కొడితే విరుగుతుందో పిల్లాడు పుస్తకంలో చదవలేదు, చూస్తూ పెరిగాడు.

బళ్లో మాత్రం అంతంతమాత్రం. పల్లెలోకి మొదటిసారి మోటారుకారు వచ్చినప్పుడు దాని వెనకాల పరుగెత్తి, అది ఆగిన చోట నేల మీద కారిన నూనె వాసన చూసి మురిసిపోయాడట. 1917లో ఆర్ట్ స్మిత్ అనే అమెరికా వైమానికుడు హమమత్సులో విన్యాసాలు చేస్తున్నాడని తెలిసి, తండ్రి సైకిల్ తీసుకుని చెప్పాపెట్టకుండా 20 కిలోమీటర్లు తొక్కుకుంటూ వెళ్లాడు. పెద్దల సైకిల్, కాళ్లు అందవు. చేతిలో ఉన్న డబ్బు టికెట్టుకు సరిపోలేదు. దగ్గర్లో ఉన్న చెట్టెక్కి కూర్చుని మొత్తం చూశాడు. ఏడేళ్ల తర్వాత ఓ విమానం ఇంజిన్ తన చేతికే వస్తుందని అప్పుడు ఆ పిల్లాడికి తెలియదు.

పెద్ద బడి పూర్తయ్యాక ఓ సైకిళ్ల పత్రికలో ఆర్ట్ షోకాయ్ అనే షెడ్డు ప్రకటన కనబడింది. గమనించండి, అది ఉద్యోగ ప్రకటన కాదు. కార్లు, మోటారుసైకిళ్లు బాగుచేస్తాం అని వినియోగదారుల కోసం వేసుకున్నది. హోండా దానికే ఉత్తరం రాశాడు, పనిలో పెట్టుకోమని. రమ్మన్నారు. తండ్రి వెంట వెళ్లి దించి వచ్చాడు. ఆ తర్వాత బిడ్డను ఎత్తుకునే కథ మీకు తెలిసిందే.

వెళ్లిపోదామని చాలాసార్లు అనుకున్నాడు. మూట కట్టుకుని మళ్లీ విప్పాడు. ఉండిపోయినందుకు కారణం గొప్ప ఓర్పేమీ కాదు. బిడ్డను ఎత్తుకుని నిలబడినా విప్పిన ఇంజిన్లు కళ్లెదుట కనబడుతూనే ఉండేవి. ఓ మంచు కురిసే రోజు షెడ్డు నిండా కార్లు వచ్చి పడ్డాయి, మనుషులు చాలలేదు. యజమాని యూజో సకకిబారా ఈ కుర్రాణ్ణి పిలిచి కారు కిందికి దూరమన్నాడు. అక్కడి నుంచి బిడ్డ వేరేవాళ్ల చేతికి వెళ్లింది.

1923 సెప్టెంబరు 1న టోక్యోను పెనుభూకంపం కుదిపేసింది. వెంటే మంటలు. షెడ్డులో ఉన్న కార్లు ఖాతాదారులవి, కాలిపోతే మునిగినట్టే. నడపడం వచ్చిన ప్రతివాడూ ఒక కారు బయటికి తీయాలి. హోండా జీవితంలో మొదటిసారి స్టీరింగు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లింది ఆ రోజే, జనం పరుగులు పెడుతున్న వీధుల్లో. షెడ్డు కాలిపోయింది. పనివాళ్లు చాలామంది సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలిన ఒకరిద్దరిలో హోండా ఉన్నాడు. షిబౌరా దగ్గర చోటు చూసుకుని, మంటల్లో కాలిన కార్లను బాగుచేయడం మొదలుపెట్టారు. అప్పటి కార్ల చక్రాలకు ఆకులు కర్రవి. నిప్పులో పడితే మిగిలేది బూడిద. ఆ ఆకులు మళ్లీ చెక్కాలి, చక్రం వంకర పోకుండా బిగించాలి. మనుషులు తక్కువ, పని ఎక్కువ. మామూలు రోజుల్లో అయిదేళ్లు పట్టే అనుభవం ఆ కుర్రాడికి ఏడాదిలోనే వచ్చేసింది.

8,200 సీసీ తలనొప్పి

సకకిబారాకు కార్ల పందేల పిచ్చి. దాని కోసం ఓ బండి కట్టాలనుకున్నాడు. పందెం కారు కొనే స్తోమత లేదు. దొరికినవి రెండు. ఒకటి అమెరికా కంపెనీ మిచెల్ చేసిన కారు ఛాసిస్. రెండోది కర్టిస్ కంపెనీ వాడేసిన విమానం ఇంజిన్, మొదటి ప్రపంచయుద్ధం నాటి శిక్షణ విమానాలకు బిగించిన రకం. పగలంతా ఖాతాదారుల పని, రాత్రి ఈ బండి పని. సకకిబారా, ఆయన తమ్ముడు షినిచి, వాళ్ల చేతికింద హోండా.

ఈ ఇంజిన్ ఎలాంటిదో కాస్త ఊహించుకోండి. మీ స్కూటర్లో ఉన్నది 110 సీసీ దరిదాపు. ఇది 8,200 సీసీ పైమాటే. నాలుగేసి చొప్పున రెండు వరసల్లో ఎనిమిది సిలిండర్లు. శక్తి 90 హార్స్‌పవర్. అంత శక్తినీ నిమిషానికి సుమారు 1,400 తిరుగుళ్ల దగ్గరే ఇచ్చేస్తుంది. మీ స్కూటర్ సిగ్నల్ దగ్గర ఊరికే నిలబడి ఉన్నప్పుడు తిరిగే వేగం ఇంచుమించు అంతే.

ఛాసిస్ మీద దించి నాలుగు బోల్టులు బిగిస్తే అయిపోదా? కాదు. మెకానికల్ వాళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఆ విమానంలో ఇంజిన్ ఇరుసుకే ప్రొపెల్లర్ తగిలించి ఉంటుంది. క్లచ్ లేదు, గేర్లు లేవు, అవసరం కూడా లేదు. గాల్లోకి లేచాక ఇంచుమించు ఒకే వేగంతో గంటలకొద్దీ తిరగడమే దాని పని. కారు అలా కాదు. ఆగాలి, కదలాలి, మలుపులో తగ్గాలి, మళ్లీ అందుకోవాలి. కాబట్టి ప్రొపెల్లర్ తీసేసిన చోట ఫ్లైవీల్ రావాలి, దానికి క్లచ్ రావాలి, వెనక గేర్‌బాక్స్ కలవాలి. ఇంజిన్ ఇరుసు, గేర్‌బాక్స్ ఇరుసు ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బండి మొత్తం వణుకుతుంది, బేరింగులు అరిగిపోతాయి.

ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి చక్రాలు వేగంగా తిరగాలంటే వెనక ఇరుసు పళ్ల లెక్క మారాలి. బరువు చూస్తే నీళ్లూ నూనె పోయకముందే 170 కిలోల పైన. అది ముందు ఇరుసు మీద పడితే స్ప్రింగులు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది, పాత బ్రేకులు చాలవు. చల్లబరచడం ఇంకో గొడవ. ఆకాశంలో రేడియేటర్‌కు ప్రొపెల్లర్ గాలి ధారాళంగా తగులుతుంది. నేల మీద, మలుపులో నెమ్మదించిన కారుకు ఆ గాలెక్కడిది? ఇవేవీ విడివిడి సమస్యలు కావు. ఒకటి సరిచేస్తే రెండోది కదులుతుంది. బాహా పోటీలకు బగ్గీ కట్టిన విద్యార్థులు మీలో ఉంటే ఈ బాధ చెప్పక్కర్లేదు. నిర్వాహకులు ఇచ్చిన ఇంజిన్ అందరికీ ఒకటే. గెలుపోటములు తేలేది దాన్ని ఫ్రేముకు ఎలా కలిపారన్న దగ్గరే.

(ఇది చదివి ఇంట్లో మూలపడ్డ మారుతికి మరో ఇంజిన్ ఎక్కిద్దామని లేచేవాళ్లకు ఓ మాట. మన దగ్గర ఆర్సీలో ఉన్న వివరాలు తారుమారయ్యేలా బండిని మార్చాలంటే ఆర్టీవో అనుమతి ఉండాలి. ముందు కాగితం, తర్వాత పానా.)

1924 నవంబరు 23న టోక్యో పక్కనే ఉన్న త్సురుమిలో అయిదో జపాన్ ఆటోమొబైల్ పోటీ జరిగింది. కర్టిస్ కారుకు అదే మొదటి పందెం. స్టీరింగు దగ్గర షినిచి, పక్క సీటులో మెకానిక్‌గా హోండా. అతడికి పద్దెనిమిది నిండి అప్పటికి ఆరు రోజులు. ఆ రోజుల్లో పందెం కారులో మెకానిక్ కూడా కూర్చునేవాడు. దారిలో ఏది విరిగినా, ఏది వదులైనా చూసుకోవాల్సింది అతడే. ఒకరకంగా మంచి పద్ధతే. తాను బిగించిన నట్టు ఊడితే పడేది ఎవరో కాదు, తానే. కర్టిస్ గెలిచింది.

ఆ రోజుల్లోనే జరిగిన ఇంకో సంగతి. ఉత్తరాన మొరియోకాలో మంటలార్పే బండి చెడిపోతే బాగుచేయడానికి సకకిబారా ఈ కుర్రాణ్ణి ఒక్కణ్నే పంపాడు. అక్కడివాళ్లు చూసి పెదవి విరిచారు. ఇంత చిన్నవాణ్ని పంపారేమిటని సత్రంలో నాసిరకం గది ఇచ్చారు. అతడు బండిని పూర్తిగా విప్పి పరిచేసరికి ఇంకా కంగారుపడ్డారు. మళ్లీ బిగించి, పంపు నీళ్లు చిమ్మేలా చేసిన సాయంత్రం సామాను మంచి గదిలోకి మారింది. ఇంటర్వ్యూలో మీ వయసూ, మీ కాలేజీ పేరూ చూసి మొహం మాడ్చేవాళ్లు మీకూ తగిలే ఉంటారు. వాళ్లు హోండాకీ తగిలారు.

మూడు రింగులే పాసయ్యాయి

1928లో హమమత్సుకు తిరిగి వచ్చి ఆర్ట్ షోకాయ్ పేరుతోనే సొంత షెడ్డు తెరిచాడు. సకకిబారా ఆ పేరు వాడుకోవడానికి ఒప్పుకున్నది తన శిష్యుల్లో ఇతనొక్కడికే. వయసు 21. ఇక్కడి నుంచి ఆయన అందాం, యజమాని అయ్యారు కదా. కాలిన కర్రచక్రాలతో పడ్డ పాట్లు మరిచిపోలేదు. పోత ఇనుముతో చక్రపు ఆకులు చేసి పేటెంటు తీసుకున్నారు. షెడ్డు బాగా నడిచింది. 1935లో సాచితో పెళ్లయింది.

మరుసటి ఏడాది జూన్‌లో టోక్యో దగ్గరి తమగావా ట్రాక్‌లో, ఫోర్డ్ ఇంజిన్‌తో తానే కట్టిన పందెం కారు నడిపారు. దూసుకుపోతుండగా మరో కారు అడ్డొచ్చి గుద్దుకుంది. కారు గాల్లో పల్టీలు కొట్టింది. పక్క సీటులో తమ్ముడు బెంజిరో. ఇద్దరూ బతికారు గానీ తమ్ముడికి తగిలిన దెబ్బలు చిన్నవి కావు. ఆ తర్వాత హోండా తాను పందెంలో కూర్చోవడం దాదాపు మానేశారు.

ఇక మీలో చాలామంది వాట్సాప్‌లో చదివిన కథ దగ్గరికి వద్దాం. హోండా ఉద్యోగానికి టయోటా ఇంటర్వ్యూకు వెళ్లాడనీ, పొమ్మన్నారనీ, ఆ కసితో కంపెనీ పెట్టాడనీ తిరుగుతుంటుంది. వినడానికి బాగుంటుంది. జరిగింది వేరు. టయోటా తిప్పికొట్టింది మనిషిని కాదు, ఆయన చేసిన పిస్టన్ రింగులను.

బాగుచేసే పని ఎంత చేసినా అది ఒకరు చేసిన వస్తువు చుట్టూ తిరగడమే అనిపించి, తయారీలోకి దిగుదామనుకున్నారు. పిస్టన్ చుట్టూ ఉండే చిన్న రింగు, చూడ్డానికి గాజులా ఉంటుంది, ఏముందిలే అనుకున్నారు. రాత్రుళ్లు కొలిమి దగ్గరే గడిపారు. రింగులు పెళుసుగా విరిగిపోయాయి. ఎన్నిసార్లు చేసినా అంతే. చివరికి హమమత్సులోని సాంకేతిక కళాశాలకు పట్టుకెళ్లి చూపిస్తే, పరీక్షించి ఇందులో సిలికాన్ చాలలేదని తేల్చారు. ఊరంతా మెచ్చుకునే మెకానిక్‌కు ఆ మాటకు అర్థమే తెలియదు.

ఇక్కడ ఆయన చేసిన పని నాకు పందెం గెలుపు కంటే పెద్దదిగా కనిపిస్తుంది. ముప్పయ్యేళ్ల వయసులో, చేతికింద పనివాళ్లను పెట్టుకున్న యజమాని, అదే కళాశాలలో కుర్రాళ్ల పక్కన బెంచీ మీద కూర్చున్నారు. పగలు క్లాసు, సాయంత్రం కొలిమి. పరీక్షలు రాయలేదు. పట్టా ఇవ్వమన్నారు, పర్లేదన్నారు. ఆయనకు కావాల్సింది లోహం గురించి తెలియడం, అది తెలిసింది. అయితే ఒక్కటి. దీన్ని పట్టుకుని సెమిస్టర్ పరీక్షలు ఎగ్గొట్టేవాళ్లున్నారు, వాళ్లకు చెప్పేదేమిటంటే, ఆయనకు అప్పటికే నడుస్తున్న షెడ్డూ, పేటెంటూ, పదిహేనేళ్ల పనీ ఉన్నాయి. మీ పరిస్థితి అది కాకపోవచ్చు.

రింగులు కుదిరాయి. టయోటాకు 50 నమూనాలు ఇస్తే పాసైనవి మూడు. మళ్లీ దాదాపు రెండేళ్లు ఉక్కు కర్మాగారాలు, విశ్వవిద్యాలయాలు తిరిగి, తప్పెక్కడుందో ఒక్కొక్కటే పట్టుకున్నారు. తర్వాత అదే టయోటా ఆ రింగులు కొన్నది, కంపెనీలో వాటా కూడా తీసుకుంది.

యుద్ధం వచ్చింది. పని తెలిసిన మగవాళ్లు సైన్యంలోకి పోతే, కొత్తగా వచ్చిన ఆడవాళ్లు నడపగలిగేలా యంత్రాలను మార్చారు. చేత్తో చెక్కితే వారం పట్టే కర్ర ప్రొపెల్లర్లను అరగంటలో రెండేసి చెక్కే యంత్రం చేశారు. అదీ యుద్ధానికే పోయింది. చివరికి ఒక ఫ్యాక్టరీ బాంబులకు, ఇంకోటి 1945 జనవరిలో వచ్చిన భూకంపానికి కూలాయి. మిగిలిన వాటాను టయోటా కుటుంబ సంస్థకు 4,50,000 యెన్లకు అమ్మేసి ఇంట్లో కూర్చున్నారు. ఏడాది పాటు ఏ పనీ చేయలేదు. వేణువు వాయించారు, సారా కాచి స్నేహితులకు పోశారు. రెజ్యుమేలో ఏడాది ఖాళీ ఉందని బెంగపడుతున్నవాళ్లు దీన్నొకసారి చూసుకోండి.

వేడినీళ్ల డబ్బా, రేడియో ఇంజిన్

1946. ఓడిపోయిన దేశం. బియ్యం దొరకవు, పెట్రోలు దొరకదు, రైళ్లలో కాలు పెట్టే సందు లేదు. తిండిగింజల కోసం జనం సైకిళ్ల మీద పల్లెలకు పోయి వస్తున్నారు. ఆ రోజుల్లో ఓ స్నేహితుడి ఇంట్లో హోండా కంట ఓ చిన్న ఇంజిన్ పడింది. సైన్యం వైర్‌లెస్ సెట్లకు కరెంటు పుట్టించడానికి వాడిన జనరేటర్ది. యుద్ధం అయిపోయాక ఎవరికీ అక్కర్లేని సామాను. హోండాకు మాత్రం అది చూడగానే సైకిల్ కనబడింది.

చూశారా, మళ్లీ అదే పని. త్సురుమిలో ఆకాశం నుంచి కారుకు, ఇక్కడ రేడియో నుంచి సైకిల్‌కు. అప్పుడు 8,200 సీసీ, ఇప్పుడు 50. కష్టం మాత్రం తగ్గలేదు. జనరేటర్ ఇంజిన్ కూడా ఒకేచోట నిలబడి ఒకే వేగంతో తిరగడానికి పుట్టింది. దాన్ని సైకిల్‌కు ఎక్కడ కట్టాలి? శక్తి చక్రానికి ఎలా చేరాలి? మొదట ముందుచక్రం టైరుకు ఆనేలా రోలర్ పెట్టారు. టైరు అరిగిపోయింది. తర్వాత బెల్టు వేసి వెనక చక్రానికి మార్చారు. పెట్రోలు పోయడానికి ట్యాంకు కావాలి కదా. చలికాలం పక్కలో పెట్టుకునే వేడినీళ్ల డబ్బా ఇంట్లో ఉంది. దాన్నే తెచ్చి బిగించారు. కరువుకాలం పెట్రోలు కాబట్టి అందులో పైన్ చెట్ల వేళ్ల నుంచి తీసిన నూనె కలిపేవారు. ఆ పొగ వాసన భరించడం కష్టం. స్టార్ట్ కావాలంటే ముందు చెమటలు పట్టేలా తొక్కాలి.

మొదటి బళ్లను నడిపి చూసింది సాచి. రద్దీగా ఉండే వీధుల్లో తిరిగి ఇంటికి వచ్చేసరికి బట్టల నిండా నూనె మరకలు. ఆవిడ చెప్పాక చూస్తే కార్బురేటర్ నుంచి వెనక్కి చిమ్ముతోంది. అది సరిచేశారు. భార్య అంతదూరం తొక్కలేక అవస్థపడుతుంటే చూడలేక ఈ బండి చేశానని హోండా తర్వాత చెప్పుకునేవారు. సాచి మాత్రం అదంతా తర్వాత అల్లిన ముచ్చటేననీ, ఆడవాళ్లు నడపగలరో లేదో చూడటానికే తనను ఎక్కించారనీ తేల్చేశారు. నేనైతే సాచి మాటే నమ్ముతాను. ఏదేమైనా లోపం బయటపెట్టింది ఆవిడ బట్టలే.

అలాంటి ఇంజిన్లు ఓ 500 దాకా కొన్నారు. హమమత్సులో చిన్న షెడ్డు, డజను మంది మనుషులు. ప్రతి ఇంజిన్నూ పూర్తిగా విప్పి, సరిచేసి, సైకిల్‌కు బిగించి, నడిపి చూసి మరీ అమ్మారు. చప్పుడును బట్టి జనం బటాబటా అని పేరు పెట్టుకున్నారు. ఎక్కడెక్కడి నుంచో బేరగాళ్లు వచ్చి ఎత్తుకుపోయారు. ఇంజిన్లు అయిపోయాయి. ఇప్పుడేం చేయాలి? 500 ఇంజిన్లు విప్పి బిగించిన వాళ్లకు వాటిలో ఏది బలహీనమో, ఏది అనవసరమో చేతివేళ్లకే తెలిసిపోయింది. 1947లో సొంత ఇంజిన్ చేశారు. హోండా పేరుతో అమ్ముడైన మొదటి ఇంజిన్ అదే. 1948 సెప్టెంబరు 24న 34 మందితో హోండా మోటార్ కంపెనీ రిజిస్టరైంది.

మరుసటి ఏడాది తకెయో ఫుజిసావా వచ్చి చేరారు. డబ్బూ అమ్మకాలూ ఆయన చూసుకుంటే, హోండా కంపెనీ ముద్ర కూడా ఆయన చేతికే ఇచ్చేసి ఇంజిన్ల దగ్గర కూర్చున్నారు. తనకు రానిది ఒప్పుకోవడం సిలికాన్ దగ్గరే అలవాటైంది కదా. 1952లో వీళ్లు తెచ్చిన కబ్ అనేది బండి కాదు, సైకిల్ వెనక చక్రానికి బిగించుకునే ఎర్రటి చిన్న ఇంజిన్, దాని పైన తెల్లటి ట్యాంకు. దేశంలోని 50,000కు పైగా సైకిల్ షాపులకు ఫుజిసావా ఉత్తరాలు రాయించారు. జపాన్ పల్లెల్లో ఇళ్ల ముందున్న పాత సైకిళ్లకు కొత్త ఇంజిన్ బిగించే పని ఊరూరా మొదలైంది. వేడినీళ్ల డబ్బాతో చేసిందే, ఈసారి దేశమంతా.

ఆ తర్వాతివి మీకు ఎక్కడైనా దొరుకుతాయి. 1958లో సూపర్ కబ్, 1961లో ఐల్ ఆఫ్ మ్యాన్ పందెం గెలుపు, 1965లో మెక్సికోలో ఫార్ములా వన్ గెలుపు.

దొరకనివి కొన్ని చెప్పాలి. హోండా కోపిష్టి. పని తప్పితే చేతిలో ఉన్న పనిముట్టు విసిరేసేవారు, కొట్టేవారు కూడా. అది ఆనాటి షెడ్డు పద్ధతని సర్దిచెప్పేవాళ్లున్నారు. పడ్డవాళ్లకు తెలుస్తుంది. మొండితనం అంతకంటే ఖరీదైంది. ఇంజిన్‌ను గాలితోనే చల్లబరచాలి, నీళ్లు దండగ అని 1960ల చివర్లో పట్టుబట్టారు. కర్టిస్ ఇంజిన్ నీళ్లతో చల్లబడేదని ఆయనకు గుర్తుచేసేవాళ్లు లేకపోయారు. గాలితో చల్లబడే ఇంజిన్ పెట్టిన పందెం కారులో 1968లో ఫ్రాన్స్‌లో జో ష్లెసర్ అనే డ్రైవరు ప్రమాదానికి గురై కాలిపోయాడు. గాలితోనే చల్లబడేలా చేసిన మామూలు కారు బరువెక్కి, ఖర్చెక్కి, అమ్మకాల్లో చతికిలబడింది. కంపెనీలోని కుర్ర ఇంజినీర్లు ఎదురుచెప్పలేక ఫుజిసావా దగ్గరికి వెళ్లారు. ఆయన వెళ్లి నచ్చజెప్పాక హోండా తగ్గారు.

తగ్గినందువల్ల ఏమైందో చూడండి. ఆ కుర్ర ఇంజినీర్లే నీళ్లతో చల్లబడే, పొగ తక్కువ వదిలే సీవీసీసీ ఇంజిన్ చేశారు. 1975 నుంచి అమలు చేయాలని అమెరికా పెట్టిన పొగ పరిమితులను అందుకోవడం తమవల్ల కాదని అక్కడి పెద్ద కంపెనీలు మొరపెట్టుకుంటున్న రోజులవి. బొమ్మలాంటి చిన్న ఇంజిన్లకైతే సరే, పెద్ద కార్లకు ఈ పద్ధతి పనికిరాదని జనరల్ మోటార్స్ అధిపతి తీసిపారేశారు. హోండా ఆ కంపెనీ కారే, షెవర్లే ఇంపాలా ఒకటి కొని జపాన్‌కు తెప్పించారు. దాని ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పైభాగం తీసి, తమ పద్ధతిలో చేసిన హెడ్లు బిగించి, తిరిగి అమెరికా పర్యావరణ సంస్థ పరీక్షకు పంపారు. పాసైంది. ఎదుటివాడి బండిలో మన పనితనం బిగించి చూపించడం, త్సురుమి నాటి కుర్రాడి పద్ధతే అది.

1973లో హోండా, ఫుజిసావా ఒకేసారి తప్పుకున్నారు. కొడుకును కంపెనీలోకి తీసుకురాలేదు. పదవి దిగాక ఏడాదిన్నర పాటు జపాన్ అంతటా తమ కంపెనీ దుకాణాలకూ, ఫ్యాక్టరీలకూ తిరిగి పనివాళ్లతో చేతులు కలిపి వచ్చారు. ఓ మెకానిక్ చేతికి నూనె అంటి ఉందని వెనక్కి తీసుకోబోతే, ఆ చేతినే పట్టుకున్నారు. 1991 ఆగస్టు 5న చనిపోయారు. కార్ల కంపెనీవాడి అంత్యక్రియల వల్ల రోడ్ల మీద కార్లు ఆగిపోకూడదని, కంపెనీ తరఫున పెద్ద కార్యక్రమం పెట్టొద్దని ముందే చెప్పి ఉంచారు.

కర్టిస్ కారు ఇంకా ఉంది. జపాన్‌లోని మోటెగిలో హోండా కంపెనీ ప్రదర్శనశాలలో, నడిచే స్థితిలో ఉంచారు. పొడవాటి ముక్కు, కర్ర ఆకుల చక్రాలు, ఇద్దరు ఇరుక్కుని కూర్చోవాల్సిన చోటు. స్టీరింగు పక్కన ఉన్న ఆ రెండో సీటు మెకానిక్‌ది.